పాత గ్రామఫోను – క్రొత్త యంత్రము

పటాన్‌చెరువు కర్మాగారమున పనిచేయుచున్న మా పొరుగింటి యువకు డొకడు, పాటల పళ్లెములను త్రిప్పు క్రొత్త యంత్రమును కొని తెచ్చి, “పంతులుగారూ, తాతగారి గ్రామఫోనును పాత సామానువానికి అమ్మివేయుదునా?” అని నన్నడిగెను. అతనికి నేను చెప్పినదే నేడు తమకును విన్నవించుచున్నాను.

రికార్డు పొలమువంటిది. దానిపై వెలుపలి అంచునుండి నడిమివఱకు చాలు ఒక్కటియే. సూది యందు నడచును. చాలుగోడలలోని వంకరలే ధ్వనిగా మాఱును. తాతలనాటి పళ్లెము లక్కతో చేయబడినది. అది నిమిషమునకు 78 చుట్లు తిరుగును. కీ త్రిప్పిన స్ప్రింగు సడలినచో గాయకుని శ్రుతియు దిగజారును. ఉక్కుసూదిపై బడు భారము నూఱు గ్రాములకు మించును.

1948లో అమెరికాలో కొలంబియావారు వినైలు పళ్లెమును వెలువరించిరి. దాని వేగము 33⅓ చుట్లు. చాలు మిక్కిలి సన్నము. అందు నడచు వజ్రపుమొనపై భారము రమారమి రెండు గ్రాములే. ఇదెట్లు సాధ్యము? మన ఏతమును తలచుకొనుడు. వెనుక గట్టిన రాయి ముందరి బరువును తేల్చునట్లు, యంత్రపు చేతి వెనుకకొననున్న దిమ్మె దాని బరువును తేల్చును. పటాన్‌చెరువున ఇక్రిశాట్ నెలకొనిన 1972లోనే, జపానువారి టెక్నిక్సు ఎస్.ఎల్. 1200 యంత్రము వెలువడెను. అందు పట్టీ లేదు. మోటారు ఇరుసుతోనే పళ్లెము తిరుగును గనుక వేగము నిలుకడగా నుండును.

1974లో ఘంటసాలవారు స్వర్గస్థులైన పిమ్మట వారి భగవద్గీత రికార్డు వెలువడెను. మా తండ్రిగారు దానిని ముచ్చటపడి తెచ్చిరి. ఆయన ఇంట లేనివేళ నేను దానిని కీ గ్రామఫోనుపై నుంచితిని. ఆ గంభీరకంఠము కీచుమనుచు పరుగెత్తెను. భయపడి సూదిని ఎత్తునప్పటికే మొదటి చుట్లు చెడినవి. తండ్రిగారు కోపింపలేదు. రికార్డును తుడిచి అట్టలో పెట్టిరి, మఱల వాయింపలేదు.

మొన్న ఆ యువకుని యంత్రముపై దానిని వింటిమి. తొలుత బరబర శబ్దమే. తరువాత ఆ కంఠము నిర్మలముగా సాగెను. క్రొత్త చేయి చెడిన చాలును బాగుచేయజాలదు, మిగిలినదానిని కాపాడగలదు.

కావున వినైలు పళ్లెమును ఉక్కుసూదికి అప్పగింపకుడు. క్రొత్తవన్నియు మంచివే యనియు తలపకుడు. తూకపు దిమ్మెలేని చౌక పెట్టెలలో రెండుమూడు రెట్ల భారము మోపునవి కలవు. లక్క రికార్డునైనను ఉక్కుసూది ప్రతిమాఱును కొంత అరుగదీయును. ఇంట నొక్కటే మిగిలిన అరుదైన కంఠమైనచో, 78 వేగమును, వెడల్పైన మొనయు గల క్రొత్త యంత్రముపైననే వినుడు. లక్క రికార్డులకు సన్నని మొన పనికిరాదు.

ఆ యువకుడు గ్రామఫోనును అమ్మలేదు. పండుగనాడు ఒక్క రికార్డు దానిపై వాయించుచున్నాడు. తక్కిన దినములలో తాతగారి పాటలను తేలికచేతికే అప్పగించుచున్నాడు. పొలము మఱల దున్నిన పండును. రికార్డు చాలు ఒక్కసారి చెడిన మఱల రాదు.