కోడిపిల్లల నెత్తురు పారుడు – మేము నేర్చుకున్న పాఠం



మా ధర్మవరంలో మగ్గం పని లేని రోజుల్లో నాలుగు రూపాయలు వస్తాయని, మా సంఘంలో ఆరుగురం అప్పు తీసుకుని తలా 40 వనరాజా పిల్లలు తెచ్చినాం. ఇవి హైదరాబాదు రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళు పెరటి పెంపకం కోసం తయారు చేసిన రకం. నెల రోజులు బాగా పెరిగినాయి.

అంతలో వాన ముసురు పట్టింది. పిల్లలు రెక్కలు వాల్చి, ఈకలు రేపుకుని ఒకచోట ముడుచుకున్నాయి. రెట్టలో నెత్తురు. మేము కొక్కెర తెగులు అనుకున్నాం. టీకా వేయించినాం కదా, ఎట్లా వచ్చిందని అడిగినవాళ్ళే లేరు. ఇంట్లో ఉన్న జ్వరం మాత్రలు నూరి పోసినాం. వారంలో సగానికి పైగా చచ్చిపోయినాయి. కండెలు చుట్టిన కూలితో కంతు కట్టినాం.

ఆఖరుకు చచ్చిన పిల్లను పశువుల ఆసుపత్రికి తీసుకుపోయినాం. డాక్టరు కోసి చూపించినారు. పేగుకు అంటి ఉండే రెండు సంచుల నిండా నెత్తురే. ఇది కాక్సిడియోసిస్, కొక్కెర కాదు అన్నారు. కొక్కెర వైరస్ వల్ల వస్తుంది, దాని టీకా దీనికి పనిచేయదు. ఇది కంటికి కనపడని ఒంటికణం జీవి వల్ల వస్తుంది. 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసినాడని బడిలో చదివినాం కదా, దానికి ఇది దూరపు చుట్టం. మనుషులకు మాత్రం అంటదు.

ఈ క్రిమి రెట్టతో బయటపడుతుంది. తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే రోగం అంటించే శక్తి వస్తుంది. మేతతో, నీళ్ళతో లోపలికి పోయి పేగు గోడను చీలుస్తుంది. మూడు నుంచి ఆరు వారాల పిల్లలకు ఎక్కువ. పెద్ద కోళ్ళు బాగానే కనిపిస్తాయి గానీ వాటి రెట్టలో ఉండొచ్చు. మామూలు ఫినాయిలుకు ఇది చావదు.

అందుకే ఇప్పుడు మేము ఇట్లా చేస్తున్నాం:

- చెనిక్కాయ పొట్టు మందంగా పరిచి, రోజూ తిరగేస్తాం. తడిసిన పొట్టు అప్పుడే తీసేస్తాం.
- నీళ్ళ గిన్నె ఇటుక మీద పెడతాం. దాని కిందే మొదటి తడి.
- పిల్లలను పెద్ద కోళ్ళతో కలపం. కిక్కిరిసి పెట్టం.
- నెత్తురు రెట్ట కనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి పోతాం, లేదా 1962కు ఫోన్ చేస్తాం. జబ్బు పిల్ల మేత మానినా నీళ్ళు తాగుతుంది. అందుకే ఆంప్రోలియం పొడి డాక్టరు చెప్పిన కొలతలో నీళ్ళలో కలిపి ఇస్తాం. ఆ రోజుల్లో బి విటమిన్ టానిక్ ఇవ్వం, మందు బలం తగ్గుతుంది.

రెండోసారి తెచ్చిన పిల్లల్లో చావులు చాలా తగ్గినాయి. అప్పు తీరింది.

సమాఖ్యకు మా మనవి ఒక్కటే. కోళ్ళకు అప్పు ఇచ్చే ముందు గూడు చూడండి. నేల తడిగా ఉంటే అప్పు వారం ఆపి, ముందు నేల ఆరబెట్టించండి. చచ్చిన పిల్లకు కూడా కంతు కట్టాల్సిందే అక్కా, అది మేము కట్టి చూసినాం.

సెలవు.