పరదేశంలో మనం, మన ఊళ్ళో పరదేశి

(కందుకూరులో సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఉపన్యాసకుణ్ణి కాను. పదిహేడు సంవత్సరాలు రియాద్‌లో ఒక కంపెనీ గోదాములో స్టోర్‌కీపరుగా పనిచేసి, 2018లో ఇంటికి వచ్చినవాణ్ణి. "గల్ఫ్ అనుభవాలు చెప్పండి భాయ్" అని కార్యదర్శిగారు అడిగారు. గల్ఫ్ అనగానే బంగారం, అత్తరు, ఖర్జూరం కబుర్లు మీకు గుర్తొస్తాయి. అవి మీకు తెలిసినవే. పరాయి దేశంలో బ్రతికేవాడికి రోజూ కలిగే చిరాకులు ఏమిటి, వాటిలో న్యాయమైనవి ఏవి, కానివి ఏవి, ఇంటికి వచ్చాక వాటినుంచి మనం నేర్చుకున్నదేమిటి అన్నది ఈరోజు నా విషయం. చివర్లో నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాల్సి ఉంది. అందుకే ఈ మైకు పట్టుకున్నాను.

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగిన తర్వాత మనవాళ్ళు గల్ఫ్‌కు పోవడం ఎక్కువైంది. పాతబస్తీ నుంచి, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి, కడప, రాయచోటి వైపు నుంచి వేలమంది వెళ్ళారు. 1983లో ప్రభుత్వం ఎమిగ్రేషన్ చట్టం చేసింది. పదో తరగతి పాసుకాని వారికి ఈ.సి.ఆర్. పాస్‌పోర్టు ఇస్తారు. దానితో పనికి వెళ్ళాలంటే 18 దేశాలకు ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ జాబితాలో సౌదీ, కువైత్, ఖతర్ మాత్రమే కాదు, మలేషియా, థాయిలాండ్ కూడా ఉన్నాయి.

రియాద్‌లో జుమా నమాజు అయ్యాక మనవాళ్ళంతా బత్హా బజారులో కలిసేవారు. చాయ్ తాగుతూ చెప్పుకునేవన్నీ ఫిర్యాదులే. "ఇఖామా జేబులో లేకుండా గది గడప దాటలేం." "కౌంటరు దగ్గర నా వెనక వచ్చినవాణ్ణి ముందు పిలిచారు." "అదే గోదాము, అదే బరువు, జీతం మాత్రం పాస్‌పోర్టును బట్టి." "తల్లిదండ్రులు పెట్టిన పేరుండగా యా రఫీక్, యా హిందీ అని పిలుస్తారు." నమాజు వేళకు దుకాణం షట్టరు దించేస్తే బిల్లు కాని పాలడబ్బా పట్టుకుని గొణుక్కునేవాళ్ళం కూడా మేమే. మేము నమాజీలమే సుమండీ!

ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే ఆ ఫిర్యాదులన్నీ ఒక్క జాతివి కావనిపిస్తుంది. కొన్ని వాళ్ళ ఆచారాలకు సంబంధించినవి. వాళ్ళింట్లో వాళ్ళు ఎప్పుడు షట్టరు దించుకుంటారో అడగడానికి మనమెవరం? మాలో పదిహేనేళ్ళు ఉన్నవారికి కూడా బేరమాడే అరబ్బీ తప్ప మంచీచెడూ మాట్లాడే అరబ్బీ రాదు. వాళ్ళు మనతో కలవరని అనేవాళ్ళం. కలవడానికి మనం వేసిన అడుగు ఎన్ని?

కొన్ని చట్టానికి సంబంధించినవి. 2017 జూలై నుంచి సౌదీలో కుటుంబాన్ని దగ్గర ఉంచుకున్నవాడు ఒక్కొక్కరి తలకు నెలకు 100 రియాళ్ళు కట్టాలన్నారు. అది ఏటా పెరిగి 2020 నాటికి 400 అయింది. అంటే భార్యా ఇద్దరు పిల్లలూ ఉంటే నెలకు 1200. కష్టమే. ఎన్నో కుటుంబాలు హైదరాబాద్ విమానం ఎక్కాయి, మాదీ అందులో ఒకటి. కానీ ఎవరి దేశానికి వారు రుసుము పెట్టుకుంటారు. బాధపడవచ్చు, అన్యాయమని ఒట్టువేసి చెప్పలేం.

మూడో రకం వేరు. జీతం ఆపడం, మాట తప్పడం, పాస్‌పోర్టు లాక్కోవడం. ఇవి ఏ దేశంలో చేసినా, ఏ మతంవాడు చేసినా జుల్మే. కూలివాడి కూలి ఆలస్యం చేయకూడదని మనకు ఎంత గట్టిగా చెప్పారో ఈ సభలో ఉన్న పిల్లలకు కూడా తెలుసు.

మా గదిలో ఆరుగురం. ఒకరు మలబారు, ఒకరు లక్నో, ఒకరు నిజామాబాద్ నుంచి వచ్చిన హిందూ సోదరుడు. రాత్రి అన్నం తిన్నాక వాదన మొదలయ్యేది. "ఇష్టం లేకపోతే వెళ్ళిపోవాలి, తింటూ తిట్టకూడదు" అనేవాడు లక్నో భాయ్. వినడానికి బాగుంటుంది. మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చి ఏజెంటు చేతిలో పోసినవాడు ఎక్కడికి వెళ్ళిపోతాడు?

ఇంకొక వాదన ఖల్లివల్లి గురించి. కఫీల్‌ను వదిలి పారిపోయి దొంగచాటుగా పనిచేసేవాణ్ణి అక్కడ అలా అంటారు. అది మాట తప్పడమా కాదా? నా అభిప్రాయం ఇది. నాలుగు నెలలు జీతం ఇవ్వనివాడే ఒప్పందాన్ని ముందు తెంచాడు, పారిపోయినవాణ్ణి నిందించలేను. జీతం సరిగా అందుతుండగా పక్కచోట రెండు వందల రియాళ్ళు ఎక్కువని రాత్రికి రాత్రి మాయమైతే అది వేరు. అతని వెనక వచ్చే మన పిల్లలను ఎవరూ నమ్మరు.

ఆజాద్ వీసా సంగతి మరీ చేదు. కాగితంమీద ఒక యజమాని, వాస్తవంలో ఎక్కడ పని దొరికితే అక్కడ. దీనికి కఫీల్‌కు డబ్బు ముట్టజెప్పాలి. 2013 నవంబరులో గడువు ముగిసి తనిఖీలు మొదలైనప్పుడు అలాంటివాళ్ళు గదుల్లో దాక్కున్నారు. ఆ వీసా అమ్మింది అరబ్బు ఒక్కడేనా? మధ్యలో మన బస్తీ ఏజెంటు, మన చాచా కొడుకు ఉన్నారు. తాను మోసపోయిన వీసానే మరొకరికి అమ్మి తన అప్పు తీర్చుకున్నవాళ్ళను నేను చూశాను. అరబ్బును తిట్టే నోరు ఇక్కడికి వచ్చేసరికి మూతపడుతుంది.

మంచి కూడా చెప్పాలి, లేకపోతే నా ఉప్పుకు నేను ద్రోహం చేసినట్టు. రంజాన్‌లో మసీదుల ముందు పరిచే దస్తర్ఖాన్ దగ్గర నీదే దేశం, నీదే మతం అని ఎవరూ అడగలేదు. మా నిజామాబాద్ సోదరుడు ఎన్నోసార్లు మా పక్కనే కూర్చుని ఇఫ్తార్ తిన్నాడు. వేసవిలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని చేయించరాదని అక్కడ నియమం ఉంది. మన మేస్త్రీ పనుల దగ్గర మేలో అలాంటి నియమం ఎక్కడ పాటిస్తున్నామో చెప్పండి.

ఇప్పుడు నా గాయం చెబుతాను. 2009లో అబ్బాజాన్‌కు సీరియస్ అని ఫోన్ వచ్చింది. నా పాస్‌పోర్టు కంపెనీ ఆఫీసు బీరువాలో ఉంది. ఎగ్జిట్ రీఎంట్రీ కావాలంటే యజమాని సంతకం కావాలి. సంతకం పెట్టేవారు సెలవులో ఉన్నారు. "బుక్రా" అన్నారు, అంటే రేపు. మళ్ళీ బుక్రా. ఐదోరోజు కాగితం వచ్చింది. నేను ఇక్కడికి చేరేసరికి కబరుమీద మట్టి ఆరిపోయింది. కొడుకుగా మూడు పిడికిళ్ళ మట్టి వేసే భాగ్యం నాకు దక్కలేదు. ఆ ఆఫీసువాళ్ళు చెడ్డవాళ్ళని ఇప్పుడు కూడా అనను. ఒక మనిషి కాగితం తమ బీరువాలో ఉంటే అతని ప్రాణం కూడా అందులోనే ఉంటుందని వాళ్ళకు తట్టలేదు, అంతే. కానీ ఆ కోపం ఎన్నో ఏళ్ళు నా గుండెలో రాయిలా ఉండిపోయింది.

తర్వాత చట్టాలు కొంత మారాయి. ఖతర్ 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పించింది. సౌదీలో 2021 మార్చి 14 నుంచి ప్రైవేటు కంపెనీల కార్మికులు కొన్ని షరతులతో ఉద్యోగం మారడానికి, యజమాని సంతకం లేకుండా ఎగ్జిట్ రీఎంట్రీ తీసుకోవడానికి వీలు కలిగింది. ఇళ్ళలో పనిచేసేవారిని, ఇంటి డ్రైవర్లను మాత్రం ఆ మార్పులో చేర్చలేదు. మన ప్రాంతం నుంచి వెళ్ళినవారిలో వాళ్ళు తక్కువేం కాదు.

ఇది అరబ్బు దేశాల కథే అనుకోకండి. మా బంధువుల అబ్బాయి బ్యాంకాక్ చూసివచ్చి మండిపడ్డాడు. అక్కడి రాజభవనం చూడటానికి థాయివాళ్ళకు ఉచితం, విదేశీయులకు 500 బాత్‌లట. "ఇదెక్కడి న్యాయం మామూ?" అన్నాడు. ఆ దేశంలో ఎక్కువకాలం ఉండే విదేశీయులు ప్రతి 90 రోజులకూ తమ చిరునామా ప్రభుత్వానికి తెలియజేయాలి, మామూలుగా వాళ్ళు సొంతపేరున భూమి కొనలేరు. వాళ్ళూ మా బత్హా చాయ్ దుకాణంలోలాగే గొణుక్కుంటారు. నేను ఆ అబ్బాయిని అడిగాను: "చార్మినార్ ఎక్కడానికి మనకు 25 రూపాయలు, విదేశీయుడికి 300. ఎప్పుడైనా నీకు కోపం వచ్చిందా?" నవ్వి ఊరుకున్నాడు. టికెట్ మనం కొనేటప్పుడు ఒక లెక్క, మన దగ్గర కొనేటప్పుడు ఇంకొక లెక్క!

మన కందుకూరు నుంచి పట్నం పోయే శ్రీశైలం రోడ్డుమీద పహాడీ షరీఫ్ దాటాక బార్కస్ వస్తుంది. ఇంగ్లీషు బ్యారక్స్ అనే మాటే అలా మారింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు నిజాం ఫౌజులో ఉద్యోగం చేస్తూ అక్కడ స్థిరపడ్డారు. అంటే ఒకప్పుడు వాళ్ళు పొట్టచేత పట్టుకుని మన గడ్డకు వచ్చారు, తర్వాత మనం వాళ్ళ వైపు వెళ్ళాం. వాళ్ళలో జమాదార్లు బలిసి వడ్డీవ్యాపారం చేసినప్పుడు ఇక్కడివాళ్ళు బాధపడ్డారు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ వాళ్ళను అదుపులో పెట్టాల్సి వచ్చింది. 1948 పోలీసు చర్య తర్వాత వాళ్ళలో ఎందరినో నిర్బంధించి వెనక్కి పంపినప్పుడు వాళ్ళు బాధపడ్డారు. మిగిలినవారు ఈరోజు మనలో మనవాళ్ళు. పరదేశి, స్వదేశి అనే కుర్చీలు ఎవరికీ శాశ్వతం కావు.

ఇక నా తప్పు. 2021లో ఇల్లు కట్టిస్తున్నాను. ఒడిశా బలాంగీర్ జిల్లా నుంచి వచ్చిన ఒక కుర్రవాడు, అతని భార్య పనికి కుదిరారు. ఇరవై వేలు అడ్వాన్స్ అడిగారు, ఇచ్చాను. ఇచ్చి, పారిపోతారేమోనని అతని ఆధార్ కార్డు తీసుకుని బీరువాలో పెట్టాను. అందరూ చేసేదే కదా అనుకున్నాను. రెండు నెలలకు అతని తల్లికి జబ్బు చేసిందని ఫోన్ వచ్చింది. కార్డు అడిగాడు. "స్లాబు పడనీ, లెక్క చూసుకుని ఇస్తాను" అన్నాను. మరునాడు మళ్ళీ అడిగాడు. "రేపు చూద్దాం" అన్నాను.

గదిలో తస్బీహ్ చదువుకుంటున్న మా అమ్మీ విన్నది. నన్ను పిలిచి, "బేటా, మీ అబ్బా మట్టికి అందలేదని ఇన్నేళ్ళు ఏడ్చావు. ఆ పిల్లాడి కాగితం నీ బీరువాలో ఎందుకుంది?" అన్నది. అంతే, ఇంకొక మాట అనలేదు.

బీరువా తాళం తీస్తుంటే నా చేయి వణికింది. "బుక్రా" అన్న మనిషి రియాద్‌లో లేడు, కందుకూరులో నా చొక్కా వేసుకుని నిలబడ్డాడు. ఆ రాత్రే కార్డు ఇచ్చి, చేసిన పనికి కూలి లెక్కకట్టి ఇచ్చి, ఇద్దర్నీ సికింద్రాబాద్ స్టేషనులో దింపాను. అడ్వాన్స్ మాట ఎత్తలేదు. అప్పటికే రెండు రోజులు పోయాయి. అతను తల్లిని చూశాడో లేదో నాకు తెలియదు. మళ్ళీ రాలేదు. ఇరవై వేలు మునిగాయని కొందరు నవ్వారు. నాకు గుర్తుండేది ఆ రెండు రోజులు.

అప్పు పేరు చెప్పి మనిషిని కదలనివ్వకపోవడం వెట్టి అవుతుంది, 1976 నాటి చట్టం ప్రకారం ఈ దేశంలో అది చట్టవిరుద్ధం. చట్టం అలా ఉంచండి. జకాత్ పొందడానికి అర్హులైన ఎనిమిది వర్గాలలో బాటసారి కూడా ఉన్నాడు. ఇటుక బట్టీలో ఒడియా కుటుంబం, కోళ్ళ ఫారంలో బీహారీ కుర్రవాడు, బాలాపూర్ గుడిసెల్లో రోహింగ్యా తల్లి, వీళ్ళే మన బాటసారులు. మీర్‌ఖాన్‌పేట వైపు పెద్ద నిర్మాణాలు మొదలయ్యాయి. రేపు ఇంకా ఎందరో వస్తారు. మనకు రియాద్‌లో ఏది బాధ కలిగించిందో అది వాళ్ళకు కందుకూరులో కలగకూడదు.

సంఘానికి నా విన్నపాలు మూడు. ఒకటి, మన సభ్యులెవరూ పనివాడి కార్డు, ఫోను, కూలి ఆపిపెట్టుకోమని ఈ సభలోనే మాట ఇవ్వాలి. రెండు, గల్ఫ్ వెళ్ళే ప్రతి కుర్రవాడి కాగితాలు వెళ్ళేముందే ఇద్దరు పెద్దలు చూడాలి. ఏజెంటుకు లైసెన్సు ఉందా, ప్రభుత్వం నిర్ణయించిన 30,000 రూపాయలు, జి.ఎస్.టి.కి మించి అడుగుతున్నాడా, 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా కట్టాడా? ఆజాద్ వీసా అంటే ఇంటికి పంపేయాలి. మూడు, వెళ్ళినవారి పేర్లు, వారి కంపెనీ, ఇంటివారి ఫోను ఒక రిజిస్టరులో ఉంచాలి. కష్టం వచ్చాక వెతకడం కాదు, ముందే తెలిసి ఉండాలి.

తల్లులారా, మీ కొడుకు అక్కడినుంచి ఫోను చేసి చిరాకు పడితే "అందరూ ఉంటున్నారుగా, సర్దుకో" అనకండి. ఒక్క ప్రశ్న అడగండి: "బేటా, నీ పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది?" అలాగే మీ వాకిట్లో ఇటుకలు మోసే పిల్లవాణ్ణి కూడా అడగండి: "నీ కార్డు ఎవరి దగ్గరుంది?"

మా అమ్మీ నన్ను అడిగింది ఆ ఒక్క ప్రశ్నే.