మేఘములే ఊపిరియైన ప్రాణి



కప్ప మొదలగు ఉభయచరములు పసితనమున మొప్పలతోను, పెరిగిన పిమ్మట ఊపిరితిత్తులతోను గాలి పీల్చునని నేను బడిలో 35 ఏండ్లు పాఠము చెప్పితిని. ఆ పాఠమునకు లొంగని జీవి కలదని ఉద్యోగము చాలించిన పిమ్మటనే తెలిసికొంటిని. నేడు దానిని గూర్చి మీకు మనవి చేసెదను.

మధ్య అమెరికాలోని గ్వాటిమాలా దేశమున కూచుమాటానిస్ అను పర్వతములు కలవు. తేమగాలి ఆ కొండల నెక్కి, చల్లబడి మబ్బగును. ఆ మబ్బు చెట్ల నడుమనే తిరుగుచుండును. కనుకనే వానిని మేఘారణ్యములందురు. వాన లేనినాడును కొమ్మలపై నాచు తడిసియే యుండును.

అచట జాక్సన్ సాలమాండరు అను చిన్న ప్రాణి కలదు. చూపునకు బల్లివలె నుండును గాని కప్పకు చుట్టము. మేను బంగారు వన్నె, నడివీపున నల్లని పట్టె. దానికి ఊపిరితిత్తులే లేవు. తడిచర్మముతోను, నోటిలోని పొరతోను గాలి పీల్చును. చర్మ మెండినచో ఊపిరి యాడదు.

1975లో దీనిని కనుగొనిరి. పిమ్మట పలుమారులు వెదకినను 42 ఏండ్లు కానరాలేదు. 2017 అక్టోబరులో ఒక అడవి కావలివాని కంటఁబడెను. కొన్ని సంఘములు ధనము కూర్చి 2015లో కొని కాపాడిన అడవియే అది.

దీనికి ముప్పు మూడు విధములు. మొదటిది, వంటచెఱకునకు, మొక్కజొన్న చేలకు, కాఫీ, ఏలకి తోటలకు అడవిని నఱకుట. మన దక్షిణదేశపు కొండలలో పుట్టిన ఏలకియే సముద్రములు దాటి అచట పంటయైనది. ఆ రైతును నిందింప నాకు నోరు రాదు. బిడ్డల ఆకలి తీర్పవలయును గదా! అడవి నిలిచినను అతనికి కూడు దొరకు నుపాయము చూపుటయే ధర్మము. రెండవది, చర్మమునకు పట్టి ఉభయచరములను చంపు ఒక బూజుతెగులు. మూడవది, భూమి వేడెక్కుటచే మబ్బు పైపైకి జరుగుట. మబ్బు వెంట ప్రాణియు ఎక్కవలయును; శిఖరము దాటిన పిమ్మట ఎచటికి పోవును?

నా పూర్వశిష్యులెవరైన వినుచున్నచో ఆ పాఠమును దిద్దుకొందురు గాక. పెద్దలైన మీరు ఊరిచెట్టుపై గొడ్డలి వేయించుటకు ముందు ఒక్క క్షణము నిలువుడు. దాని చల్లదనమున ఏ జీవి తన ఊపిరిని దాచుకొన్నదో!

సెలవు.