కోకో గింజ, టీ పొడి – పెంపుడు కుక్కకు విషము

(తిరువూరు ప్రాంత పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



తిరువూరు, గంపలగూడెం, విస్సన్నపేట, ఎ.కొండూరు మండలముల నుండి వచ్చిన మీతో రోడ్లను గూర్చియో, మంచినీటిని గూర్చియో కాక, మేము నేడు కుక్కను గూర్చి మాటాడదలచితిమి. కొందరికి నవ్వు రావచ్చును. కాని రాత్రివేళ మామిడితోటకు కాపలా ఉండునది, దొడ్డిలో గొర్రెలను కాచునది ఆ కుక్కయే. అది ఒక ఉదయమున వణకుచు, కాళ్లు కొట్టుకొనుచు పడి చచ్చినయెడల ఊరిలో ఏమి జరుగునో మీరెరుగుదురు. పగవాడు మందు పెట్టినాడని ఒకరు, పిచ్చి పట్టినదని మరియొకరు అందురు. తగవు తుదకు పంచాయతీకి వచ్చును. ఒక్కొక్కప్పుడు ఆ విషము పగవాని చేతిలో గాక మన ఇంటి చాక్లెట్టులోనో, టీ పొడి డబ్బాలోనో, ఎండబోసిన కోకో గింజలలోనో ఉండును.

పొరుగున ఉన్న ఏలూరు జిల్లాలో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో కోకో పండుచున్నది. దేశమున ఈ పంటకు ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానమున ఉన్నది. రైతులు కాయను పగులగొట్టి, గింజలను కొన్ని దినములు పులియబెట్టి, పిదప కళ్లములపై ఎండబెట్టుదురు. ఈ చెట్టుకు 1753లో లిన్నేయస్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ‘దేవతల ఆహారము’ అను అర్థము వచ్చు గ్రీకు పేరు పెట్టెను. 1841లో దాని గింజలో కనుగొనబడిన పదార్థమునకు ఆ పేరును బట్టియే థియోబ్రోమిన్ అని పేరు వచ్చినది. దేవతల సంగతి ఎట్లున్నను, కుక్కకు మాత్రము అది పనికిరాదు.

కారణము వినుడు. మనము తిన్న థియోబ్రోమిన్‌లో సగము ఆరు నుండి పది గంటలలో శరీరము నుండి పోవును. కుక్కకు అదే పనికి సుమారు 17 గంటలు పట్టును. విషము లోపల నిలిచి గుండెను, నరములను రేపుచుండును. మొదట దాహము, వాంతి, విరేచనము, ఒక చోట నిలువలేకపోవుట. పిదప గుండె వేగము, వణకు, మూర్ఛ. ఈ లక్షణములు సాధారణముగా ఆరు నుండి పన్నెండు గంటల తరువాత కనబడును. రాత్రి తిన్నది తెల్లవారి బయటపడుటచేత, తిన్న వస్తువునకును జబ్బునకును సంబంధము ఎవరికిని తట్టదు. కెఫీను దీనికి తోబుట్టువు వంటిది. ఇంకను త్వరగా, గంట రెండు గంటలలోనే పని చేయును.

ఎంత తిన్న ప్రమాదము? పది కిలోల కుక్కను తీసుకొందము. పాల చాక్లెట్టు సుమారు 100 గ్రాములు తిన్నచో లక్షణములు ఆరంభమగును. నల్లని చాక్లెట్టు 40 గ్రాములు చాలును. కోకో పొడి రెండు చెంచాలే చాలును. ఎండిన గింజలు గుప్పెడు తిన్నను మూర్ఛ రావచ్చును. 100 గ్రాముల టీ పొడిలో రెండు మూడు గ్రాముల కెఫీను ఉండును. పొట్లము చించి తిన్న కుక్క బ్రతుకుట కష్టము. బిడ్డ చేతి నుండి జారిన చిన్న ముక్కను తిన్నదని మాత్రము గాభరా పడనక్కరలేదు. పిల్లికి తీపి రుచి తెలియదు గనుక అది వీని జోలికి పోవుట అరుదు.

పశువుల విషయమునను జాగ్రత్త అవసరము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇంగ్లాండులో దాణా కొరత వచ్చి, కోకో గింజల పొట్టును మేతలో కలిపిరి. పశువులు విషప్రభావమునకు లోనైన సంగతి 1943లో అచటి పశువైద్య పత్రికలో ప్రకటింపబడినది. చౌకగా దొరికినదని ఆ పొట్టును పశువైద్యుని అడుగక దాణాలో కలుపరాదు.

కుక్క తిన్నదని తెలిసిన వెంటనే పశువైద్యశాలకు తీసుకొనిపోవలెను. ఏమి తిన్నది, ఎంత, ఎప్పుడు అను మూడు సంగతులు చెప్పవలెను. చించిన కాగితము కూడ పట్టుకొనిపోవలెను. ఉప్పునీరు, నూనె త్రాగించుట మన ఊళ్లలో అలవాటు. అది మానవలెను, ఉప్పు తానే మరియొక విషమగును. దీనికి విరుగుడు మందు లేదు. తొలి గంటలలో వైద్యుడు వాంతి చేయించి, బొగ్గు మందు పట్టి, సెలైను ఎక్కించి, మూర్ఛ నాపు మందు ఇచ్చినచో పెక్కు కుక్కలు బ్రతుకును. సంచార పశువైద్య సేవకు 1962 నంబరునకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

ఒక హెచ్చరిక. మూర్ఛపోవు కుక్కలన్నియు చాక్లెట్టు తిన్నవి కావు, పిచ్చికుక్కలును ఉండును. కారణము తేలువరకు నోటి వద్ద చేయి పెట్టరాదు. కరచినచో గాయమును సబ్బుతోను, ధారగా పోయు నీటితోను పదిహేను నిమిషములు కడిగి, టీకాకై ఆసుపత్రికి పోవలసినదే.

ఇక పంచాయతీ పని. టీ అంగళ్లవారు వడగట్టిన పొడిని రోడ్డు ప్రక్కన కుమ్మరించుచున్నారు. మరగిన పొడిలోను కొంత కెఫీను మిగిలియుండును. పాలు, చక్కెర కలియుటచేత కుక్కలు దానిని నాకును. అంగడికొక మూత గల బుట్ట పెట్టించి, దానిని చెత్తబండికి ఇప్పించుడు. కోకో గల రైతులతో కళ్లమునకు వల కట్టించుడు. ఆగస్టు 15న జెండా వందనమైన పిదప పిల్లలకు చాక్లెట్లు పంచునప్పుడు, మిగిలిన పెట్టెను బడి అరుగు మీద విడువక లోపల పెట్టించి తలుపు వేయించుడు.