మంచి కోడ్ ముక్కలు కలిపినా ప్రోగ్రామ్ ఎందుకు చెడుతుంది?

బాగా పనిచేసే రెండు ప్రోగ్రాములున్నాయి. ఒకదాని ముక్క తీసి ఇంకోదాంట్లో పెడితే, రెండింటికంటే మంచిది వస్తుందా? జెనెటిక్ ప్రోగ్రామింగ్ ఆశంతా దీనిమీదే. కానీ చాలాసార్లు పిల్ల ప్రోగ్రామ్ అమ్మానాన్నల కంటే అధ్వాన్నంగా తేలుతుంది. ఎందుకో చూద్దాం.

1992లో జాన్ కోజా పుస్తకంతో ఈ పద్ధతికి పేరొచ్చింది. ప్రోగ్రామ్‌ని చెట్టులా రాస్తాం. ర్యాండమ్‌గా బోలెడన్ని చెట్లు పుట్టించి, టెస్టులు పెట్టి మార్కులేస్తాం. మంచి మార్కులొచ్చినవాటి కొమ్మలు తెంపి, ఒకదానిది ఇంకోదానికి అంటిస్తాం. అదే క్రాసోవర్.

[స్క్రీన్ మీద: రెండు చెట్లు]

"ఎక్స్ మైనస్ 1" అనే ఈ కొమ్మ చూడండి. ఎడమ చెట్టులో దాన్ని సున్నాతో గుణిస్తున్నాం. ఉన్నా లేనట్టే. కుడి చెట్టులో అదే కొమ్మతో భాగిస్తున్నాం. ఎక్స్ 1కి దగ్గరయ్యేకొద్దీ జవాబు ఆకాశాన్నంటుతుంది! కొమ్మ అదే, దాని ప్రభావం మాత్రం చుట్టూ ఉన్నవాటిని బట్టి.

[స్క్రీన్ మీద: 8 వరుసల పట్టిక]

అసలు చిక్కు ప్యారిటీలో కనిపిస్తుంది. 3 బిట్లిస్తాం. ఒకట్లు సరిసంఖ్యలో ఉంటే 1, లేకపోతే 0 చెప్పాలి. మొత్తం 8 కేసులు. ఒక ప్రోగ్రామ్ మొదటి రెండు బిట్లనీ పక్కాగా లెక్కపెట్టింది, మూడోది చూడలేదు. ఎన్ని మార్కులు? 4. ఏమీ చూడకుండా ఎప్పుడూ 1 అనేదానికి? అదీ 4! ఎందుకంటే మూడో బిట్ మారితే సరైన జవాబు తిరగబడుతుంది. దాన్ని చూడకపోతే ప్రతి జతలో ఒకటి రైటు, ఒకటి తప్పు. ఇంత పని చేసినా, మార్కులు చూసి ఎంచుకునే సెలెక్షన్‌కి అది కనపడదు. ఆ మంచి ముక్క తర్వాతి తరానికి చేరుతుందన్న గ్యారంటీ లేదు.

1994లో రెండో పుస్తకంలో కోజా ఏడీఎఫ్‌లని ముందుకు తెచ్చాడు. అంటే, కోడ్‌తో పాటే పరిణామం చెందే ఫంక్షన్లు. రెండు బిట్ల ప్యారిటీ ఒకసారి ఫంక్షన్‌గా కుదిరితే చాలు, మెయిన్ ప్రోగ్రామ్ దాన్నే మళ్లీ మళ్లీ పిలుచుకోవచ్చు. బిట్లు పెరిగిన ప్యారిటీ సమస్యల్లో ఏడీఎఫ్‌లతో చాలా తక్కువ కంప్యూటేషన్ సరిపోతుందని ఆయన చూపించాడు. అయితే ఒక రిస్కుంది: ఫంక్షన్‌లో చిన్న తేడా వచ్చినా, దాన్ని పిలిచే ప్రతిచోటా ఆ తేడా కనపడుతుంది.

కాబట్టి మీ రన్ ఎక్కడైనా ఇరుక్కుంటే, పాపులేషన్, అంటే చెట్ల సంఖ్య, పెంచేముందు రెండు విషయాలు చెక్ చేయండి. సగం పనికి మార్కులు పడుతున్నాయా? కలిసి పనిచేసే ముక్కలు క్రాసోవర్‌లో కలిసే కదులుతున్నాయా? వచ్చే వీడియోలో ఈ ప్యారిటీనే పైథాన్‌లో రన్ చేద్దాం.