గోడకు పేరు పెట్టడం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను 1985లో ఈ బడిలో పదో తరగతి పాసైనాను. మొన్న సంఘం వాళ్లు ఫోన్ చేసి, "నువ్వు చేసే పని గురించి ఒక పావుగంట మాట్లాడన్నా" అన్నారు. నేను చేసేది బిల్డింగులకు స్ట్రక్చరల్ డిజైన్. ఏ పిల్లరు ఎంత మందం, దాంట్లో ఎంత ఇనుము అని లెక్కగట్టే పని. పావుగంట మాట్లాడేంత సంగతి ఇందులో ఏముందా అని ఆలోచించి, చివరికి నేను చేసిన ఒక తప్పు గురించి చెబుదామని వచ్చినాను. ఆ తప్పు షీర్ వాల్ అనే గోడ దగ్గర జరిగింది.

షీర్ వాల్ అనే మాట మీకు కొత్త కాదు. టిడ్కో ఇళ్ల వార్తలు వచ్చినప్పుడల్లా పేపర్లో "షీర్ వాల్ టెక్నాలజీ" అని చదివే ఉంటారు. ఇటుక లేకుండా, అల్యూమినియం అచ్చుల్లో గోడ, స్లాబు కలిపి కాంక్రీటు పోసి కట్టిన జీ ప్లస్ త్రీ ఇళ్లు అవి. 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లు. వాటిల్లో ఉండేవాళ్లు "గోడకు మేకు దిగదు సార్" అని నాతో చెబుతుంటారు. దిగకపోతే మంచిదే. ఆ గోడే ఆ ఇంటికి పిల్లరు. మీ చుట్టాలెవరైనా అందులో ఉంటే, తలుపు కోసమో అల్మరా కోసమో గోడ కోయొద్దని చెప్పండి.

నిజానికి గోడ బరువు మోయడం మనకు పాత సంగతే. మా జేజినాయన కట్టిన మిద్దెలో గోడ మందం మూరకు పైనే. రాతి గోడలు, వాటి మీద దూలం, దంతెలు, పైన చౌడు మట్టి. పిల్లర్ల ఇండ్లు వచ్చినాక గోడ తెరమాదిరి అయిపోయింది. గాలి, ఎండ రాకుండా అడ్డం, అంతే. అంతస్తులు పెరిగేకొద్దీ మళ్లీ గోడ అవసరం పడింది, కానీ ఈసారి వేరే పనికి. పైనుంచి దిగే బరువు కాదు, పక్కనుంచి నెట్టే బలం. మన డ్యామ్ చూడండి. పెన్న నీళ్లు దాన్ని కిందికి నొక్కడం కంటే పక్కకు నెట్టడమే దానికి అసలు పరీక్ష. ఎత్తైన బిల్డింగును గాలి అట్లా నెడుతుంది, భూకంపం అట్లా ఊపుతుంది. ఆ నెట్టుడును తట్టుకోవడానికి లిఫ్టు చుట్టూ, మెట్ల చుట్టూ కాంక్రీటు గోడలు లేపుతాం. అవే షీర్ వాల్స్.

2001 జనవరి 26న భుజ్‌లో భూకంపం వచ్చింది. రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో కూడా అపార్టుమెంట్లు కూలినాయి. కింద బండ్లు పెట్టుకునేందుకు గోడలు లేకుండా ఒట్టి పిల్లర్ల మీద నిలబెట్టినవి వాటిల్లో చాలా ఉన్నాయి. మా వృత్తిలో నా వయసు వాళ్లందరికీ అది కళ్లు తెరిపించిన రోజు. ఆ తర్వాత ఐఐటీ కాన్పూర్, బీఎంటీపీసీ కలిసి ప్రొఫెసర్ సి.వి.ఆర్. మూర్తి గారితో భూకంపాల మీద చిన్న చిన్న పాఠాలు రాయించాయి. వాటిల్లో ఇరవై మూడోది షీర్ వాల్ గురించే. ఇంజినీరు కాని వాళ్లకు కూడా అర్థమయ్యేటట్టు ఉంటుంది. మన లైబ్రరీలో పెట్టదగ్గ పుస్తకం.

ఇక నా తప్పు. పదిహేనేళ్ల కిందటి మాట. విజయవాడలో సెల్లారు, దాని మీద పన్నెండు అంతస్తుల అపార్టుమెంటు. మన జమ్మలమడుగు వైపు అప్పటి భూకంపాల పటంలో జోన్ 2, తక్కువ ప్రమాదం. విజయవాడ జోన్ 3, అంటే అహ్మదాబాదుతో సమానం. అప్పుడు లెక్కలో వాడిన అంకె మనకు 0.10 అయితే వాళ్లకు 0.16.

మేము వాడే సాఫ్ట్‌వేరు పేరు ఈటాబ్స్. అమెరికాలో బర్క్‌లీ నుంచి వచ్చింది. బిల్డింగును తెర మీద గీస్తే, గోడలను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఏ గడిలో ఎంత ఒత్తిడి ఉందో చెబుతుంది. ఇంతవరకు గోడ దానికి గళ్ల గుంపే. ఆ గళ్లన్నీ కలిసి ఒక గోడ అని మనం చెప్పాలి. అందుకు పియర్ లేబుల్ అని ఒక పేరు పెడతాం: పీ1, పీ2, పీ3. తలుపు మీద అడ్డంగా ఉండే భాగానికి స్పాండ్రెల్ అని వేరే పేరు. పేరు పెట్టని గోడను అది డిజైన్ చేయదు. చేయలేదని గొడవ కూడా చేయదు. రిజల్టులో ఆ గోడ కనిపించదు, అంతే. హాజరు పట్టీలో పేరు లేని పిల్లోడి మాదిరి.

ఇంకో సంగతి ఉంది. ఒకే అంతస్తులో ఏ గోడలకైతే ఒకే పేరు పెడతామో, అవన్నీ కలిసి ఒక్క గోడ అనుకుంటుంది. లిఫ్టు చుట్టూ ఒకదానికొకటి అతుక్కున్న మూడు గోడలకు ఇది సరైన పద్ధతే. అవి నిజంగా కలిసే పనిచేస్తాయి.

నేనేం చేసినానంటే, కారిడారుకు అటూ ఇటూ ఉన్న రెండు గోడలను మౌసుతో ఒకేసారి పెట్టె గీసి ఎంచుకుని, రెండింటికీ పీ4 అని పేరు పెట్టినాను. రాత్రి పదకొండుకు. ఒక్కో గోడ మూడు మీటర్ల పొడవు, నడుమ రెండు మీటర్ల ఖాళీ.

ఇక్కడ కొంచెం లెక్క చెబుతాను, ఓపిక పట్టండి. స్కేలును పడుకోబెట్టి వంచితే వంగుతుంది, నిలబెట్టి వంచితే వంగదు. వంగే దిక్కులో లోతు పెరిగితే గట్టిదనం ఆ లోతు ఘనంలో పెరుగుతుంది. మూడు మీటర్ల గోడలు రెండు విడివిడిగా నిలబడితే, మూడు ఘనం 27, రెండింటికి 54, పన్నెండుతో భాగిస్తే 4.5. అదే ఎనిమిది మీటర్ల ఒకే గోడ అనుకుని నడిమి ఖాళీ తీసేస్తే, 512లో 8 పోగా 504, పన్నెండుతో భాగిస్తే 42. తొమ్మిది రెట్లకు పైన. బలం సరిగ్గా ఇదే లెక్కన పెరగదు గానీ, పొరపాటు ఎంత పెద్దదో దీంతో తెలుస్తుంది. ఆ రెండు గోడలను కలిపేది పలుచటి స్లాబు ఒక్కటే. రెండు స్కేళ్లు పక్కపక్కన పట్టుకున్నంత మాత్రాన ఒక పెద్ద పలక అవుతుందా?

కంప్యూటరు తప్పు చేయలేదు. గోడల మీద పడే బలాలు సరిగ్గానే లెక్కగట్టింది. ఆ బలాలను మోసేది ఎనిమిది మీటర్ల గోడ అని నేను చెప్పినాను, అది నమ్మింది. గోడ మోయాల్సినదాన్ని మోయగలిగినదానితో భాగించి ఒక అంకె ఇస్తుంది. ఒకటి లోపు ఉంటే పాసు. పీ4కు 0.46 వచ్చింది. అంత తక్కువ ఎందుకు వచ్చిందని నేను అడగలేదు. సంతోషపడినాను.

ఆఫీసులో చేరి ఆరు నెలలైన ఒక అమ్మాయి, డ్రాయింగులో ఇనుము లెక్కపెడుతూ నా దగ్గరికి వచ్చింది. "సార్, ఈ రెండు గోడలు యాడా కలవలేదు కదా, రెండింటికీ ఒకే పేరు ఎందుకు పెట్టినారు?" అంది. అనంతపురం పిల్ల. అప్పటికి సెల్లారు గోడలు పోసేసినారు. పై అంతస్తుకు కడ్డీలు కడుతున్నారు. పేర్లు విడదీసి మళ్లీ నడిపితే ఒక్కో గోడకు 1.3 వచ్చింది.

పై ఆఫీసరు ఒకాయన "మార్జిన్ ఉంటుందిలే, వదిలెయ్" అన్నాడు. ఆ మాట నాకు కూడా నచ్చిందని ఇక్కడ ఒప్పుకోవాలి. ఆ రోజు సాయంత్రం దాకా నచ్చింది. సాయంత్రం సైటుకు ఫోన్ చేసి పని ఆపించినాను. సెల్లారులో పోసిన గోడలకు చివర్ల రంధ్రాలు వేసి కడ్డీలు నాటి జాకెట్ వేసినాం. పై అంతస్తుల్లో గోడ చివర్లను లావు చేసి, దగ్గర దగ్గరగా రింగులు పెట్టినాం. పునాది మళ్లీ చూసుకుంటే సరిపోయింది. మూడు వారాలు పోయినాయి, యజమాని నాతో నెల రోజులు మాట్లాడలేదు.

ఈ బడిలో మాకు లెక్కలు చెప్పిన సారు, లెక్క మొదలుపెట్టక ముందే జవాబు సుమారుగా ఎంత ఉంటుందో పలక మూలన రాయమనేవారు. రాయకుండా లెక్క చేస్తే, జవాబు సరైనదైనా సగం మార్కులే. "ఏం అబ్బీ, ఎద్దు బరువు అడిగితే తూనికరాయి పట్టుకుని తిరుగుతావా, ముందు కంటితో చూడు" అనేవారు. అప్పుడు మాకు కోపం వచ్చేది. పీ4 విషయంలో నేను పలక మూల ఖాళీగా వదిలేసినాను.

ఇప్పుడు రాస్తాను. బిల్డింగు మొత్తం బరువు, అందులో భూకంపానికి పక్కకు నెట్టే వాటా, అది సుమారుగా ఎత్తులో నాలుగింట మూడు వంతుల దగ్గర నెడుతుందనుకుని కింద పడే వంపు, దాంట్లో ఈ గోడ పంచుకునేది ఎంత. అరగంట పని, కాగితం మీద. దాని తర్వాతే ఈటాబ్స్ తెరుస్తాను. కోడ్ ఎంచుకునే చోట మన భారతీయ కోడ్ ఉందా, పగుళ్లు వచ్చాక తగ్గే గట్టిదనం పెట్టినానా అని చూస్తాను. 2016 కోడ్ ప్రకారం పిల్లర్లకు 70 శాతం, దూలాలకు 35 శాతమే లెక్కలోకి తీసుకోవాలి. గోడలో రెండు దిక్కులా కనీసం 0.25 శాతం ఇనుము ఉందా, గోడ అంచున నొక్కుడు కాంక్రీటు బలంలో ఐదో వంతు దాటిందా, దాటితే అంచు లావు చేసినానా అని చూస్తాను. అన్నిటికంటే ముందు ప్లాను ప్రింటు తీసి, ఒక్కో పేరున్న గోడకు ఒక్కో రంగు పెన్సిలు పూస్తాను. ఒకే రంగు రెండు చోట్ల కనబడితే ఆగిపోతాను. రంగు పూయని గోడ కనబడినా ఆగిపోతాను. మా ఆఫీసులో కుర్రోళ్లు నవ్వుతారు. ఆ అనంతపురం అమ్మాయి ఇప్పుడు సొంత ఆఫీసు పెట్టుకుంది. అక్కడా ఒక పెన్సిళ్ల డబ్బా ఉంది, నేను చూసినాను.

చివరగా మన బడి సంగతి. పాత గదుల మీద పై అంతస్తు వేద్దామని, ఖర్చు బ్యాచ్‌ల వారీగా పంచుకుందామని సంఘంలో అనుకుంటున్నారు. పొద్దున ఆ గదులు చూసినాను. అవి రాతి గోడలు. ఎన్నో ఏండ్లుగా ఒక కప్పును మోస్తున్నాయి, ఇంకా మోస్తాయి. రెండో కప్పు వాటికి చెప్పని పని. లోపల సున్నమా, మట్టా, పునాది ఎంత లోతు అనేది తవ్వి చూడకుండా ఏ సాఫ్ట్‌వేరూ జవాబు ఇవ్వలేదు. నా మాట అయితే, పక్కన ఖాళీ స్థలంలో వేరే పునాదితో కొత్త గదులు కట్టండి. డిజైన్ నేను చేసి ఇస్తాను, ఫీజు వద్దు. లేదు, పైనే వేయాలంటే ముందు మూడు చోట్ల గుంతలు తీయాలి.

రేపు ఉదయం తొమ్మిదికి నేను టేపు పట్టుకుని ఆ గదుల దగ్గరే ఉంటాను. ఆ గోడలు కట్టేటప్పుడు చూసిన పెద్దలెవరైనా మన ఊళ్లో ఉంటే, దయచేసి ఒక్కసారి పిలుచుకుని రండి.