తెలియకముందే సంతకం

రువైస్ నుంచి మాట్లాడుతున్నాను. నాకు 46 ఏళ్లు. వచ్చే మంగళవారం, ఇక్కడికి సుమారు 240 కిలోమీటర్ల దూరంలోని అబుదాబిలో నా కుడి బీజం తీసేస్తారు. అందులో నొప్పిలేని గట్టి గడ్డ ఉంది. వరిబీజమైతే నీరు, నాది గడ్డేనని స్కానింగులో తేలింది.

"ముక్క తీసి పరీక్ష చెయ్యకుండా మొత్తం తీసెయ్యడమేంటండీ?" అని మా ఆవిడ డాక్టరుగారిని అడిగింది. అది కాన్సరైతే, సూది గుచ్చినచోట కణాలు పక్కకి చేరే ప్రమాదం ఉందట. అందుకే గజ్జల్లో కోసి, పైనున్న నాళంతో సహా బీజాన్ని తీసి, ఆ తర్వాతే పరీక్షకి పంపుతారు. అంటే, కాన్సరో కాదో తేలకముందే సంతకం పెట్టాలి. పెట్టాను.

రెండోది బాగుంటే మగతనానికి సాధారణంగా లోటు రాదు. పిల్లలు కావాలనుకునేవాళ్లు ముందే వీర్యం దాచుకోవచ్చు. ఒకవేళ కాన్సరై ఒంట్లో పాకినా, చాలామందికి నయమవుతుంది. 1974లో అమెరికాలో డాక్టర్ లారెన్స్ ఐన్‌హార్న్ సిస్‌ప్లాటిన్‌ని వేరే మందులతో కలిపి ఇచ్చినప్పటినుంచి ఈ జబ్బు కథే మారింది.

కాంపుల్లో ఉండే తమ్ముళ్లూ, ఇంట్లో చెప్పడానికి సిగ్గయితే డాక్టరుకైనా చెప్పండి. నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. ఉంటాను.